మునిరత్నం సార్ మొదటి పేజీ

మొన్న పనిమీద తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కి కూర్చున్నాను. బస్సు ఇంకా కదలలేదు. వెనక సీటులో ఎవరిదో ఫోను గడగడా మాట్లాడుతోంది. అవతల మనిషి కాదు, ఫోనే మాట్లాడుతోంది. చూపు లేనివాళ్ళ కోసం తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే మరగొంతు అది. అలవాటైనవాళ్ళు దాన్ని చాలా వేగంగా పెట్టుకుంటారు. కొత్త చెవికి ఒక్క ముక్కా అందదు, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. నాకు మాత్రం ప్రతి మాటా అందింది. ఎవరో కూతురికి మెసేజి పంపుతున్నారు, అన్నం తిన్నావా అని. వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూస్తే అక్కడ మునిరత్నం సార్ ఉండరని తెలుసు. అందుకే తిరగలేదు. బస్సు ఊరు దాటేదాకా కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఆ గొంతే వింటూ కూర్చున్నాను.

మునిరత్నం సార్ నా మొదటి ఉద్యోగంలో మా పైవారు. తిరుపతిలో ఒక బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచే మనిషి. చిత్తూరువారు. వాళ్ళ నాయన మామిడికాయల వ్యాపారం చేసేవారట. చదువు కోసం, ఉద్యోగాల కోసం ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చినా ఆయన మాటలోంచి చిత్తూరు పోలేదు. దూరదేశాల వాళ్ళతో ఫోనులో చక్కటి ఇంగ్లీషు మాట్లాడుతూ, పట్టుదల వచ్చినప్పుడు "అట్ల గాదప్పా" అనేసేవారు. అవతలివాళ్ళకు ఏం అర్థమయ్యేదో గాని, ఆ మాట తరవాత వాళ్ళు కాసేపు వినేవారు.

ఆఫీసు పని కాక ఆయనకు ఇంకో పని ఉండేది. ఒకరు రాసిన కోడ్‌ను ఎందరో తమ తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకుంటారు. అలా అందరి కోసం పెట్టిన కోడ్‌ను మా వృత్తిలో లైబ్రరీ అంటాం. దేశదేశాలవాళ్ళు కలిసి, ఎవరికీ సొంతం కాకుండా నడుపుకుంటున్న అలాంటి లైబ్రరీ ఒకదానిలో డేటాబేస్ భాగం, అంటే సమాచారాన్ని దాచి అడిగినప్పుడు తీసిచ్చే భాగం, సార్ చూసుకునేవారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలే డాక్యుమెంటేషన్. కోడ్ రాయమంటే అందరూ ముందుకొస్తారు. ఈ పేజీలు బాగుచేయమంటే ప్రతివాళ్ళకూ వేరే పని గుర్తొస్తుంది. సార్‌కు అదే ఇష్టమైన పని. ఆ పనిలోకి నన్ను లాగింది కూడా ఆయనే.

నేను వడమాలపేట నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. బడి చదువంతా తెలుగు మీడియం. ఇంజనీరింగ్‌లో చేరాక, అర్థం కాకపోయినా అర్థమైనట్టు తలూపడం బాగా నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సార్ నన్ను పిలిచి, ఆ డేటాబేస్ భాగం గురించిన పేజీ ఒకటి తెరిచి, చదవమని వెళ్ళిపోయారు. కాసేపటికి వచ్చి అడిగారు.

"చదివినావా?"

"చదివాను సార్."

"అర్థమయిందా?"

"అయింది సార్."

"అయితే నాకు చెప్పు పాపా. నాకు అర్థం కాలేదు."

ఏదో మొదలుపెట్టాను, రెండు మాటలకే ఆగిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరగడం ఆయన గమనించి ఉండాలి. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "నీకు తెలియకపోతే తప్పు నీది కాదు, పేజీది. ఈ ఆఫీసులో అందురికీ అన్నీ అర్థమైపోయినాయి. వాళ్ళతో నాకు పని జరగదు. చదువుతా ఉంటే నీ కాలు యాడ తట్టుకుంటాదో ఆడ నిలబడి నాకు చెప్పు. నీ పని అదే" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, నన్ను తెలివితక్కువదానికింద లెక్కకట్టారని ఏడ్చాను. సైకిల్ షాపు మూసి వచ్చిన నాయన అంతా విని, "తెలియలేదని నిజం చెప్పమంటా ఉండారా? అట్లాంటి ఉద్యోగం యాడ దొరుకుతాదమ్మా, ఇడిసిపెట్టొద్దు" అన్నాడు.

విడిచిపెట్టలేదు. పేజీ పైకి చదువుతూ పోవడం, నాలుక తడబడిన చోట ఆగడం, అక్కడ ఏముందో ఇద్దరం కలిసి చూడడం. ఎక్కువసార్లు అక్కడ ఒక గొప్ప మాట ఉండేది. "ఈ మాట మీ ఇంట్లో ఎవరన్నా అంటారా?" అని అడిగేవారు. అనరు. తీసేసేవాళ్ళం. తీసేసినప్పుడల్లా నాలో ఏదో బెరుకు కొంత వదిలేది.

అప్పటికే ఆయన చూపు తగ్గుతోంది. చిన్నప్పుడు రేచీకటి అన్నారట. పెద్దయ్యాక పక్కల నుంచి చూపు మూసుకుంటూ వచ్చింది. ఇది ఆగేది కాదని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. "గొట్టంలోంచి సూసినట్టుండాది లోకం" అని నవ్వేవారు. ఎదురుగా ఉన్నది కనిపించేది, పక్కనున్న టీ గ్లాసు కనిపించేది కాదు. చెయ్యి తగిలి దొర్లితే తానే తుడుచుకునేవారు. ఎవరైనా గుడ్డ అందుకుంటే ఒప్పుకునేవారు కాదు.

మా కిటికీలోంచి కొండ కనిపించేది. కొన్నాళ్ళకు ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళడం మానేశారు. ఒక వానాకాలపు ఉదయం కుర్చీలోంచే అడిగారు, "కొండ ఎట్లుండాది ఈ పొద్దు?" అని.

"బాగుంది సార్."

"బాగుండాది అంటే నాకేం కనపడతాది పాపా?"

మళ్ళీ చూశాను. "మబ్బు పట్టింది సార్."

"యాడ? పైనా, నడుమనా?"

"నడుమ. పైన కొస తేలి కనిపిస్తోంది. మబ్బు కిందుగా ఘాట్ రోడ్డు మీద బస్సొకటి ఎక్కుతోంది. దాని అద్దం మీద ఎండ పడి ఒక్కసారి మెరిసింది. ఇప్పుడు మలుపు తిరిగింది, లేదు."

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. "ఇప్పుడు కనపడింది" అన్నారు నెమ్మదిగా. నాకు రాయడం వచ్చిందంటే ఆ ఉదయం నుంచే వచ్చింది. నా ఎదుట ఉన్నది అవతలివాళ్ళ ఎదుట లేదన్న సంగతి అంతకు ముందు నాకు తట్టలేదు.

తరవాత ఆయన తెర చదివే మరగొంతు పెట్టుకున్నారు. మొదటి రోజు అది మా సొంత పేజీలే చదువుతుంటే ఇద్దరం నిర్ఘాంతపోయాం. పట్టికలన్నీ తలా తోకా లేని అంకెల వరసలయ్యాయి. "పైన చూపినట్టు" అంటుంది, పైన ఏమీ వినిపించదు. ఒకచోట సార్ ఎంతో శ్రమపడి గీయించిన బొమ్మ ఉంది, సమాచారం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో చూపేది. పేజీ ఇంగ్లీషుదైనా సూచనలు తెలుగులో చెప్పేలా పెట్టుకున్న ఆ గొంతు, అక్కడికి వచ్చేసరికి "చిత్రం" అని ఒక్క మాట అని ముందుకు సాగిపోయింది. సార్ పకపకా నవ్వారు. "చిత్రమే మరి! ఏం చిత్రమో చెప్పకుండా పాయె సూడు" అన్నారు. నవ్వు ఆగాక, "ఇన్నేండ్లూ ఈ గొంతుతో వినేవాళ్ళు ఎంతమంది ఈడిదాకా వచ్చి ఎనక్కి పొయ్యుంటారో" అన్నారు. ఆ వేసవంతా ప్రతి బొమ్మ పక్కనా అది ఏం చెబుతోందో మాటల్లో రాశాం.

అదే వేసవిలో చిత్తూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. లైబ్రరీ వాడేవాళ్ళు సమస్యలు రాసుకునే చోట కోపంగా రాసిన ఉత్తరం. రాసినామె పేరు హేమావతి. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని చూసేది. కాయల సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఎవరు ముందు వచ్చారన్నదాని మీద తగవులు. తోతాపురి కాయ ఎండలో ఎంతసేపని ఓర్చుకుంటుంది? అందుకని ఆమె మా లైబ్రరీతో ఒక ప్రోగ్రాము రాసింది. రైతు వచ్చీ రాగానే కంప్యూటర్‌లో ఎక్కించి వరస ఇవ్వడం. మొదటి రోజు అంతా సవ్యంగా జరిగింది. సాయంత్రం కంప్యూటర్ ఆపి ఇంటికి వెళ్ళింది. పొద్దున తెరిస్తే ఒక్క పేరూ లేదు. గేటు దగ్గర రైతులు ఒకరి మీదొకరు పడ్డారు. నిందంతా ఆమె మీద పడింది.

జరిగింది మాకు వెంటనే తెలిసింది. మా డేటాబేస్ భాగంలో ఏది రాసినా, చివర "కమిట్" అని ఒక వరస రాయాలి. అది రాస్తేనే రాసినది నిలుస్తుంది. రాయకపోయినా ప్రోగ్రాము నడుస్తున్నంతసేపు అన్నీ కనిపిస్తూనే ఉంటాయి, మూయగానే పోతాయి. ఈ సంగతి మా పేజీల్లో ఉంది, చాలా కింద. ఎవరో ఆమెకు అదే జవాబిచ్చారు: ఆరో భాగంలో రాశాం, చదువుకోండి. సార్ ఆ జవాబును రెండోసారి వినిపించుకుని, "రేపు చిత్తూరు పోదాం పాపా, నువ్వూ రా" అన్నారు.

ఫ్యాక్టరీ ఆఫీసులో హేమావతి గోడవైపు కుర్చీలో కూర్చుని ఉంది. నాకంటే పెద్దామె ఏమీ కాదు, ముఖం మాత్రం వాడిపోయింది. సార్ ఆమెను ఏమీ అడగలేదు. "మా పేజీ తెరిచి, ఆ దినం ఎట్ల చదివినావో అట్లనే చదువమ్మా, మేం మాట్లాడం" అన్నారు. ఆమె మొదటి పేజీ తెరిచింది, పైనున్న ఉదాహరణను ఎత్తి తన ప్రోగ్రాములో పెట్టుకుంది, నడిపింది. పనిచేసింది. పేజీ మూసేసింది.

"అంతేనా?" అన్నారు సార్.

"అంతే సార్. పని చేసింది గదా. పని చేసినాక ఇంగెవరు చదువుతారు?" ఆమె కుర్చీ మా వైపు తిప్పింది. "నన్ను చదవలేదంటా ఉండారు. నేను చదివినా సార్. మీరు మొదట ఏం రాసినారో అదే చదివినా."

ఆ మొదటి ఉదాహరణలో కమిట్ లేదు. దాన్ని ఎన్నో ఏళ్ళ కిందట రాసింది మునిరత్నం సారే. కొత్తవాళ్ళు భయపడకూడదని, వీలైనంత పొట్టిగా. ఆయన లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, మేనేజరు గదికి తీసుకెళ్ళమన్నారు.

మేనేజరు మంచి ఒత్తిడిలో ఉన్నాడు. ఎవరు మీరు అన్నాడు. సార్ నిలబడే చెప్పారు. "ఆ యమ్మ వాడిండే కోడ్ మాది. వాడే పద్ధతి రాసినవాణ్ణి నేను. మొదట చెప్పాల్సిన మాట చివర చెప్పినా. ఆ యమ్మ తప్పేమీ లేదు."

"అయితే రైతులకు ఏమని చెప్పాలబ్బా నేను? ఎవుడో పేజీ తప్పు రాసినాడని చెప్పాల్నా?"

"నా పేరు చెప్పండి. మునిరత్నం, ఈ ఊరివాడే. కావాలంటే గేటు కాడికి నేనే వచ్చి చెప్తా."

మేనేజరు ఆయన కళ్ళవైపు చూశాడు. చూపు తనమీద కాకుండా కొంచెం పక్కన నిలిచి ఉండడం అప్పుడు గమనించినట్టున్నాడు. కుర్చీ చూపించాడు. గేటు దాకా పోనివ్వలేదు. కథల్లోలా అంతా ఆ రోజే చక్కబడిందని చెప్పలేను. ఆ సీజన్ అంతా హేమావతిని కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు, ఉద్యోగం మాత్రం తీయలేదు. మరుసటి ఏడు మళ్ళీ ఆమె ప్రోగ్రామే పెట్టుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు సార్ బస్సులో ఒక్క మాటే అన్నారు. "ఆ పేజీకి ఎవురూ సుఖంగా ఉన్నప్పుడు రారు పాపా. ఏదో ఒకటి నెత్తిన పడితేనే వస్తారు. అది మరిచిపొయ్యి రాసినాను."

మొదటి పేజీ మళ్ళీ రాయడం మొదలుపెట్టాం. ఉదాహరణ చివర కమిట్ వరస చేర్చాం. దాని కింద ఒక వాక్యం. మా పేజీలు ఇంగ్లీషువే గాని, దాని అర్థం ఇది: "ఈ వరస రాయకపోతే, మీరు పైన దాచినదేదీ నిలవదు." చూడడానికి ఇంత చిన్న వాక్యం. నేను మొదట రాసింది దీనికి మూడింతలు ఉండేది, అన్నీ పెద్ద మాటలే. సార్ కళ్ళు మూసుకుని వినేవారు, "మళ్ళీ రాయి" అనేవారు. మిగిలింది అది.

లైబ్రరీ నడిపే మిగతావాళ్ళలో ఒకాయన ఒప్పుకోలేదు. మొదటి ఉదాహరణ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు, కమిట్ సంగతి ఆరో భాగంలో ఉంది కదా అన్నాడు. సార్ కోప్పడలేదు. జవాబు ఆయన చెబుతుంటే నేను రాశాను: ఆరో భాగం దాకా వచ్చేవాళ్ళకు మన సాయం అక్కరలేదు. మొదటి ఉదాహరణ పనిచేయగానే లేచిపోయేవాళ్ళ కోసం ఈ పేజీ. మీ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళను ఎవరినైనా ఈ పేజీ ముందు కూర్చోబెట్టి, నోరు మెదపకుండా వెనక నిలబడండి. తరవాత మీరు ఏమంటే అదే చేద్దాం. కొన్నాళ్ళకు అవతలి నుంచి పొట్టి జవాబు వచ్చింది: "నిలబడి చూశాను. మార్పు చేర్చండి." నేను అది చదివి వినిపించగానే సార్ కుర్చీలో వెనక్కి వాలి, "మంచోడప్పా" అన్నారు.

మరి కొంతకాలానికి చూపు పూర్తిగా పోయింది. రోజూ తిరుపతి రావడం కష్టమై, చిత్తూరులో సొంత ఇంటికే వెళ్ళిపోయారు. పని మానలేదు. మధ్యాహ్నాలు నేను ఫోనులో చదివేదాన్ని, ఆయన వినేవారు. వాక్యం బాగుంటే ఏమీ అనేవారు కాదు. అటు వంటింట్లో సరోజమ్మ గారు, అంటే సార్ భార్య, గిన్నెలు సర్దుతున్న చప్పుడు, ఆయన ఊపిరి మాత్రం వినిపించేవి. ఆ మౌనం కోసమే నేను రాసేదాన్నేమో అనిపిస్తుంది ఇప్పుడు. ఒక మధ్యాహ్నం ఫోను సరోజమ్మ గారు ఎత్తారు. పొద్దున కాఫీ తాగి పడుకున్నవారు మళ్ళీ లేవలేదు.

ఆ తరవాత డేటాబేస్ పేజీలు నా చేతికి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ నిలకడగా ఉండేది కాదు. కోడ్ మారుతుంది, దాంతో పేజీలూ మారాలి. సార్ రాసినవి ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. ఇక్కడొక పేరా, అక్కడొక ఉదాహరణ. పోయిన ఏడాది కొత్త పద్ధతి వచ్చింది. ఇప్పుడు కమిట్ అని విడిగా రాయనక్కరలేదు, పని సవ్యంగా ముగిస్తే అదే నిలుపుకుంటుంది. అంటే ఆ మొదటి పేజీలోని వాక్యం ఇక నిజం కాదు. తీసేయాలి. తీసేయాల్సింది నేనే. రెండు రోజులు దాన్ని అలాగే వదిలేసి మిగతా పనులన్నీ చేశాను. మూడో రోజు చెరిపేశాను. ఎవరితోనూ చెప్పుకోలేక, సెలవు పెట్టి చిత్తూరు వెళ్ళాను.

సరోజమ్మ గారికి కంప్యూటర్ సంగతులు తెలియవు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అంతా విన్నారు.

"ఆయన రాసిండేది తీసేసినావా?"

"తీసేశానమ్మా. ఇప్పుడది నిజం కాదు."

"నిజం గాకపోతే ఆయనే తీసేసుందురు. దానికేంటికి ఏడ్చేది? ఇప్పుడేం రాసినావో చెప్పు, వింటా."

తెలుగులో చెప్పాను. "పని సవ్యంగా ముగిస్తే, రాసినదంతా దానంతటదే నిలుస్తుంది. మధ్యలో ఆగిపోతే ఏదీ నిలవదు."

ఆమె చెయ్యి విస్తరి దగ్గర ఆగింది. "మధ్యలో ఆగిపోతే ఏమీ నిలవదా పాపా?"

"అట్ల కాదమ్మా. ఆగిపోయిన ఆ ఒక్క పనే పోతుంది. అంతకు ముందు దాచినవన్నీ ఉంటాయి."

"మరి ఆ మాట రాయలేదే? చదివేవాళ్ళు బయపడరా? రాయి" అన్నారు ఆమె, మజ్జిగ పోస్తూ.

రాశాను. అక్కడే, వాళ్ళ వసారాలో కూర్చుని. "అంతకు ముందు దాచినవన్నీ అలాగే ఉంటాయి." ఆ వాక్యం ఇప్పుడు మొదటి పేజీలో ఉంది. రేపు ఇంకో పద్ధతి వస్తే అదీ పోవచ్చు. ఇప్పటికీ ఏం రాసినా పైకి చదువుతాను. చదివాక కాసేపు ఊరికే ఆగుతాను. పైకి చదవడం సార్ నేర్పిందే. ఆ ఆగడం మాత్రం ఆయన నేర్పలేదు. ఆయన లేకపోయాక నాకు వచ్చిన అలవాటు.